మహిమను విడిచి నీతిని గైకొనుట: రామమోహన రాయల నుండి కళ్యాణదుర్గము వఱకు

క్రైస్తవము తెలుగుదేశమున ప్రవేశించిన వృత్తాంతమును వ్రాసినవారు ప్రాయికముగా రెండు చరిత్రలను చెప్పియున్నారు. ఒకటి మతము మాఱినవారి చరిత్ర. రెండవది బైబిలు అనువాదముల చరిత్ర. వీనితోపాటు మూడవది యొకటి కలదు. క్రీస్తు జననమునందలి అద్భుతమును, ఆయన చూపెనను మహిమలను, పునరుత్థానమును నమ్మకయే ఆయన బోధించిన నీతిని ఆదరించినవారి చరిత్ర యది. ఈ మూడవ చరిత్రకు ప్రార్థనా మందిరములు తక్కువ, సభ్యుల పట్టీలు లేవు. కావున అది చెల్లాచెదరుగా పడియున్నది. ఈ వ్యాసమున దాని ముఖ్య ఘట్టములను వరుసగా పరిశీలించి, అది అనంతపుర మండలమునందలి కళ్యాణదుర్గ ప్రాంతమున ఏ రూపమును దాల్చినదో చూపుటకు యత్నింతుము.

కళ్యాణదుర్గమును ఎన్నుకొనుటకు కారణము కలదు. అనంతపురమునకు పడమరగా, కన్నడ సీమకు చేరువగా నున్న ఈ మెట్ట భూమి దేశములోని మిక్కిలి వర్షాభావ ప్రాంతములలో నొకటి. 1882లో బళ్ళారి నుండి వేఱుపడిన ఈ మండలమున సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియైనను అదనునకు కురియుట అరుదు. వేరుసెనగ విత్తి మబ్బువంక చూచుటయే ఇచటి సేద్యము. 1876–78 నాటి ధాత కఱవు జ్ఞాపకము ఈ సీమలో తరతరములుగా నిలిచియున్నది. ఇట్టి చోట పరోపకారమును గూర్చిన బోధ కేవలము పురాణ కాలక్షేపము కాజాలదు. ఇంటనున్న గింజలను పొరుగువానితో పంచుకొనవలెనా వలదా యను ప్రశ్న ఇచట ఏటేట ఎదురగుచుండును. నీతిని నిగ్గుదేల్చుటకు ఇంతకంటె కఠినమైన ఒఱపురాయి దొరకదు.

విషయమున ప్రవేశించుటకు ముందు ఒక భేదమును స్పష్టపఱచుట యవసరము. అలౌకిక విశ్వాసము నుండి నీతిని వేఱుచేయుట అన్నప్పుడు మూడు వేర్వేరు కార్యములు ఒక్కటిగా కలిసిపోవుచున్నవి. మహిమలను, మత సిద్ధాంతములను విడిచి, దేవుని మాత్రము నిలుపుకొనుట మొదటిది. దేవుని సైతము విడిచి, నీతిని మాత్రమే నిలుపుకొనుట రెండవది. తన విశ్వాసమును తనయందే యుంచుకొని, తన సేవను పొందువానిని ఏ విశ్వాసమును అడుగకుండుట మూడవది. ఈ మూడింటికిని ఉదాహరణములు మన చరిత్రయందు కలవు. వీనిని కలగలుపుటచేతనే ఈ విషయమును గూర్చిన వాదములు తఱచుగా దారితప్పుచున్నవి.

నీతిని మహిమనుండి విడదీసి చూచుట తెలుగువారికి క్రొత్త కాదు. ఈ సీమలోనే, కదిరి ప్రాంతమునందలి కటారుపల్లెలో, వేమన సమాధియని జనులు పూజించు స్థలము కలదు. వేమన బంగారము చేయు విద్యను సాధించెనని, యోగ సిద్ధుడని పెక్కు కథలు చెప్పుదురు. ఆ కథలను నమ్మువారు కలరు, నమ్మనివారును కలరు. కాని ఆయన పద్యములను నేర్చుకొనుటకు ఆ నమ్మిక అవసరమని ఎవ్వరును అనరు. బడిపిల్లవాడు మొదలు పండు ముదుసలి వఱకు ఆ నీతిని అనుభవముచేతనే అంగీకరింతురు. సి. పి. బ్రౌను 1829లో వేమన పద్యములను అచ్చువేయించినప్పుడు వానియందు గుర్తించినది ఈ జనసామాన్య ప్రామాణ్యమునే యని మా యభిప్రాయము. సుమతి శతకమును ఆదరించుటలోను ఇదే పద్ధతి కానవచ్చును. చెప్పినవాడెవడను దానికంటె చెప్పినది ఎట్టిదను దానికే మన నీతి వాఙ్మయము విలువ నిచ్చినది.

ఇదే పద్ధతిని క్రీస్తు బోధలకు బుద్ధిపూర్వకముగా అన్వయించిన మొదటి భారతీయులలో ప్రముఖుడు రాజా రామమోహన రాయలు. ఆయన 1820లో కలకత్తాయందు క్రీస్తు ఉపదేశములను శాంతి సౌఖ్యములకు మార్గదర్శకములుగా పేర్కొనుచు ఇంగ్లీషున ఒక సంకలనమును ప్రకటించెను. నాలుగు సువార్తల నుండి బోధలను, దృష్టాంత కథలను గైకొని, మహిమల వర్ణనలను, వివాదాస్పదములైన చారిత్రక భాగములను ఆయన చాలవఱకు విడిచిపెట్టెను. మహిమలను గూర్చిన కథలు ఈ దేశమువారిని ఆకర్షింపజాలవనియు, అంతకు మించిన అద్భుతములు వారి పురాణములయందే కలవనియు ఆయన వాదము. విచిత్రమేమనగా సరిగా ఆ యేడే అమెరికాయందు థామస్ జెఫర్సన్ సువార్త ప్రతులను కత్తిరించి, మహిమలను తొలగించి, క్రీస్తు జీవితమును నీతిని మాత్రమే అతికించిన పుస్తకమును ముగించెను. ఒకరి కృషి ఒకరెఱుగరు. జెఫర్సన్ దానిని తన యింట దాచుకొనెను. రామమోహనుడు ప్రజల ముందుంచెను. కష్టము రామమోహనునకే కలిగెను.

శ్రీరామపురపు మిషనరీయైన జాషువా మార్ష్‌మన్ ఈ సంకలనమును తీవ్రముగా విమర్శించెను. రామమోహనుడు 1820, 1821, 1823 సంవత్సరములలో మూడు విజ్ఞప్తులను ప్రకటించి బదులు చెప్పెను. మూడవదానిని అచ్చువేయుటకు బాప్టిస్టు ముద్రణాలయము నిరాకరింపగా, ఆయన తానే ముద్రణాలయమును నెలకొల్పుకొనవలసి వచ్చెను. ఈ వాద సందర్భముననే విలియం ఆడం అను మిషనరీ త్రిత్వ సిద్ధాంతమును విడిచి 1821లో ఏకదేవవాది యయ్యెను. మతము మార్చవచ్చినవాడే మతము మాఱెనని ఆనాటివారు పరిహసించిరి.

మార్ష్‌మన్ వాదమును తేలికగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. మానవుడు మంచి యేదో యెఱుగక చెడుచుండుట లేదు; ఎఱిగియు చేయలేక చెడుచున్నాడు. కావున వానికి కావలసినది ఉపదేశము మాత్రమే కాదు, పాపమునుండి విముక్తి, శక్తినిచ్చు కృప. వానిని తీసివేసినచో మిగులునది వట్టి హితవు. మార్ష్‌మన్ పక్షపు సారాంశమిది. దేవుని ప్రేమించుట, పొరుగువానిని తనవలె ప్రేమించుట యను రెండాజ్ఞలలోనే ధర్మమంతయు ఇమిడియున్నదని క్రీస్తే చెప్పియుండగా, ఆ సారమునకు మఱి యేదియో చేర్పవలయు ననుట ఏల యని రామమోహనుని సమాధానము. ఇచట గమనింపదగినది, రామమోహనుడు దేవుని విడువలేదు. ఆయన చేసినది మా విభజనలో మొదటి కార్యము మాత్రమే.

ఈ భావధార తెలుగువారికి చేరిన మార్గము మదరాసు. 1864లో కేశవచంద్ర సేనుడు మదరాసునకు వచ్చి ఉపన్యసించిన పిమ్మట అచట వేద సమాజము ఏర్పడెను. దానిని 1871లో దక్షిణ భారత బ్రహ్మ సమాజముగా మార్చిన శ్రీధరులు నాయుడు బ్రహ్మ ధర్మ గ్రంథమును తెలుగు తమిళములలోనికి అనువదించెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు ప్రార్థన సమాజమును స్థాపించి, 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహమును జరిపించెను. శాస్త్ర ప్రమాణములతోను ఆయన వాదించెను. కాని ఆయనను కదలించినది శాస్త్రము కాదు, బాల వితంతువుల దుఃఖము. పంతులుగారి కార్యమును క్రైస్తవ ప్రభావ ఫలమని చెప్పుట అతిశయోక్తి. ఆ ప్రభావము లేదనుట అసత్యము. బ్రహ్మ సమాజ మార్గమున వచ్చిన ఏకేశ్వర భావము, మిషనరీ పాఠశాలలు కల్పించిన వాతావరణము, దేశీయ నీతి సంప్రదాయము ఆయన కాలమున కలిసి ప్రవహించినవి.

ఈ ప్రభావము మఱింత స్పష్టముగా కానవచ్చునది రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితమున. 1862లో మచిలీపట్టణమున జన్మించిన ఆయన మదరాసు క్రైస్తవ కళాశాలయందు విలియం మిల్లరు శిష్యుడు. మిల్లరు స్కాట్లండు మిషనరీ యయ్యును ఒక ప్రత్యేకాభిప్రాయము కలవాడు. కళాశాల యొక్క పని విద్యార్థులను ఒక్కొక్కరిగా జ్ఞానస్నానమునకు తెచ్చుట కాదనియు, క్రైస్తవ నైతిక భావములు సమాజమంతట పులిసిన పిండివలె వ్యాపించునట్లు చేయుటయే యనియు ఆయన నమ్మెను. ఆయన తోటి మిషనరీలలో కొందఱికి ఇది రుచింపలేదు. మిల్లరు సిద్ధాంతము ఫలించినదా యని అడిగినచో వేంకటరత్నము నాయుడుగారిని చూపవచ్చును. ఆయన క్రైస్తవుడు కాలేదు, బ్రాహ్మ మతానుయాయి యయ్యెను. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షుడై, భోగము మేళములను నిరసించి, అనాథ బాలురకు ఆశ్రయము కల్పించి, పంచములకు విద్య చెప్పించి, 1925 మొదలు 1928 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. మిల్లరు శిష్యుడు గురువు మతమును స్వీకరింపలేదు. గురువు నడవడిని స్వీకరించెను. మతము మాఱుటకంటె ఇది తక్కువయా, ఎక్కువయా యను ప్రశ్నకు ఎవరి తూనికను బట్టి వారి యుత్తరము.

రెండవ కార్యము, అనగా దేవుని సైతము విడుచుట, ఇరువదవ శతాబ్దమున జరిగెను. గోరా యని ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా మండలము ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను; 1947లో అది విజయవాడకు మాఱెను. గోరా గాంధీతో జరిపిన సంభాషణలు 1951లో గ్రంథముగా వెలువడినవి. క్రీస్తు అను చారిత్రక పురుషుడు లేకపోయినను కొండమీది ప్రసంగము తనకు సత్యమే యగునని గాంధీ యొకప్పుడు చెప్పియుండెను. నీతికి చరిత్ర ఆధారము అక్కఱలేదని గాంధీ యనగా, దానికి దేవుడును అక్కఱలేదని గోరా యనెను. ఆయన దీనిని మాటలకే పరిమితము చేయక, అస్పృశ్యతా నివారణను, కులాంతర వివాహములను, సహపంక్తి భోజనములను తన యింటినుండియే ఆరంభించెను.

ఈ సందర్భమున ఒక సంబంధమును జ్ఞాపకము చేయవలయును. ‘క్రీస్తు చరిత్ర’ను రచించి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును పొందిన గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలత, 1960లో గోరా కుమారుడు లవణమును వివాహమాడెను. ఈ దంపతులు స్టువర్టుపురమున, నేరస్థ జాతులని ముద్రవేయబడిన కుటుంబముల సంస్కరణకు పాటుపడిరి. ఆ గ్రామము మొదట సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంస్థ నిర్వహణలో నుండినది. క్రీస్తును పాడిన కవి కుమార్తె, నాస్తికుని యింటి కోడలై, క్రైస్తవ సంస్థ మొదలిడిన చోటనే పనిచేయుట గమనార్హము. విశ్వాసము మాఱినది; కర్తవ్యము మాఱలేదు.

ఇంతవఱకు చెప్పినవారిలో జాషువా తప్ప తక్కినవారందఱును అగ్రవర్ణములవారో, చదువు కలిమి కలవారో. నీతిని విశ్వాసమునుండి వేఱుచేసి చూచు తీరిక వారికి కలదు. ఊరి వెలుపల నివసించిన మాల మాదిగల స్థితి వేఱు. దేవుడు తనను తన పోలికగా సృజించెనను మాట వారికి వట్టి అలౌకిక సిద్ధాంతము కాదు. తల యెత్తుకొని నడచుటకు ఆధారము. ఆ విశ్వాసమును తీసివేసి నీతిని మాత్రము గైకొనుమని వారికి చెప్పుట, గోడను కూల్చి నీడను ఉంచుకొను మనుట వంటిది కావచ్చును. అంతేకాక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును బట్టి క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులముల హక్కులు వర్తింపవు. కనుక విశ్వాసమును పేరుపెట్టి చెప్పుకొనుటయే వారిలో పలువురకు నష్టహేతువైనది. విశ్వాసమును విడుచుట కొందఱికి తత్త్వవిచారము. మఱికొందఱికి దానిని దాచుట బ్రతుకుతెరువు. ఈ రెండింటిని సమానముగా చూడరాదు.

ఇక కళ్యాణదుర్గమునకు వత్తము. మూడవ కార్యమునకు ఉదాహరణము ఇచటనే కలదు. విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిను దేశపు బార్సిలోనాలో జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయముననే అంతర్యుద్ధమునందలి ఎబ్రో నది పోరాటమున పాల్గొని, ఓటమి పిదప నిర్బంధ శిబిరములను చూచెను. న్యాయశాస్త్ర విద్యను మాని 1944లో జెసూట్ సంఘమున చేరి, 1952లో బొంబాయికి వచ్చెను. మహారాష్ట్రమునందలి మన్మాడు ప్రాంతమున రైతులచే బావులు త్రవ్వించుచు, ఆయన ప్రబోధముకంటె పనికే ప్రాధాన్య మిచ్చెను. పలుకుబడి గలవారికి ఇది కంటగింపుకాగా 1968లో దేశము విడువవలసినదని ఉత్తర్వు వచ్చెను. రైతులు వేలకొలది మన్మాడు నుండి బొంబాయికి కాలినడకన సాగి నిరసన తెలిపిరి. ప్రధాని ఇందిరా గాంధీ జోక్యముచేత ఆయన కొంతకాలము స్వదేశమునకు పోయి, 1969లో తిరిగివచ్చి అనంతపురమును కార్యక్షేత్రముగా చేసికొనెను. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆ యేడే ఏర్పడెను. 1970లో ఆయన జెసూట్ సంఘమును విడిచి, ఇంగ్లండు దేశీయురాలగు ఆన్ పెర్రీని వివాహమాడెను.

సన్న్యాసమును విడిచినవాడు సేవను విడువలేదు. ఇదియే మన విషయమునకు ముఖ్యము. ఆయన కట్టించిన సంస్థ మత సంస్థ కాదు. చెక్‌డ్యాములు, బావులు, పాఠశాలలు, పేదల యిండ్లు, వికలాంగులకు శిక్షణము, కళ్యాణదుర్గము కణేకల్లు బత్తలపల్లిలయందు ఆసుపత్రులు దాని కార్యములు. కళ్యాణదుర్గపు ఆసుపత్రికి కాన్పునకు వచ్చిన తల్లిని ఏ దేవుని కొలుతువని అడుగుట లేదు. ఫెర్రర్ నాస్తికుడు కాడు. దైవ సంకల్పముపై ఆయనకు గాఢమైన నమ్మకము కలదు. సత్కార్యమే తన యందు ప్రార్థన స్థానమును ఆక్రమించెను. కాని ఆ నమ్మకమును ఆయన ఇతరులకు ప్రవేశ రుసుముగా విధింపలేదు. 2009 జూను 19న ఆయన అనంతపురమున మరణించినప్పుడు, అన్ని కులముల, అన్ని మతముల గ్రామస్థులు బత్తలపల్లెలోని ఆయన సమాధి వద్దకు చేరిరి. వారిలో పెక్కుఱ ఇండ్లలో ఆయన పటము తమ తమ దేవతల పటముల సరసనే యుండుట ఈ సీమనెఱిగినవారికి తెలియును. మహిమను విడిచి నీతిని గైకొనిన మహనీయునికి జనులు మఱల మహిమను ఆరోపించుట చరిత్రలో సామాన్యము. వేమనకును అట్లే జరిగెను.

క్రీస్తు బోధలలో విశ్వాసమునుండి వేఱుచేయదగినవి ఏవి, కానివి ఏవి యను ప్రశ్నకు ఈ మెట్ట సీమ ఒక సమాధానమును సూచించుచున్నది. మంచి సమరయుని కథను చూడుడు. దోపిడిదొంగల చేత చిక్కి దారిని పడియున్నవానిని యాజకుడు, లేవీయుడు చూచి తప్పుకొని పోవుదురు. అన్యమతస్థుడుగా నిరసింపబడిన సమరయుడు గాయములు కట్టి, సత్రపువానికి సొమ్మిచ్చి పోవును. ఈ కథలో పుణ్యాత్మునకు సరియైన మతము లేదు; సరియైన మతము గలవారికి పుణ్యము లేదు. తుది తీర్పును వర్ణించు భాగమునను ఆకలిగొన్నవానికి అన్నము పెట్టితివా యను ప్రశ్నయే కాని, దేనిని నమ్మితివి యను ప్రశ్న కానరాదు. ఇట్టి బోధలు తమంతట తామే విశ్వాస పరిధిని దాటుచున్నవి. వానిని వేఱుచేయుటకు రామమోహనుని కత్తెర అవసరమే లేదు.

కాని రేపటిని గూర్చి చింతింపకుడు, ఆకాశ పక్షులను చూడుడు అను బోధ వేఱు జాతికి చెందినది. పరలోకమందలి తండ్రి పోషించుననుటయే దానికి హేతువు. ఆ హేతువును తొలగించి, వాన లేని కళ్యాణదుర్గపు రైతుతో రేపటిని తలపకు మనుట నీతి కాదు, నిర్దయ. ఫెర్రర్ సంస్థ చేసినదెల్ల రేపటిని గూర్చిన చింతయే: పడిన చినుకును ఆపు కట్ట, వచ్చే తరము నీడకు నేటి మొక్క, రోగము రాకమునుపే టీకా. దైవమును నమ్మిన ఆయనయే ఇట్లు చేసెను. కావున పొరుగువానిని గూర్చిన బోధ విశ్వాసము లేకయు నిలుచును. రేపటిని గూర్చిన బోధ విశ్వాసము లేక నిలువదు, కఱవు సీమలో విశ్వాసముతోడను అది ఒంటరిగా చాలదు. రామమోహనుడు, జెఫర్సన్ ఈ రెండు తెగలను ఒకే పుస్తకమున సమానముగా చేర్చిరి. వారి పద్ధతిలోని లోపము ఇచట మాకు కనబడుచున్నది.

ఒక ఆక్షేపణ మిగిలియున్నది. ఈ సంస్థకు ధనము ముఖ్యముగా స్పెయిను దేశపు సామాన్యుల నుండి, ఒక్కొక్క బాలుని పోషణ భారమును వహించు కుటుంబముల నుండి వచ్చినది. శతాబ్దముల క్రైస్తవ సంస్కారమే ఆ దాతృత్వమునకు మూలమనియు, వేరు ఎండిన తరువాత కొమ్మ ఎంతకాలము పచ్చగా నుండుననియు మార్ష్‌మన్ నేడున్నచో అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. వేరునుండి కొమ్మను వేఱుచేయగలమని చరిత్ర నిరూపింపలేదు. కాని ఆ కొమ్మను మఱియొక నేలలో అంటు కట్టవచ్చునని కాకినాడయు విజయవాడయు నిరూపించినవి. కళ్యాణదుర్గపు నేల వేమన నేల. పరహితమును గూర్చిన మాట దానికి పరాయిది కాదు. ఆ ఆసుపత్రిలో నేడు పనిచేయు స్థానికులైన యువతీయువకులలో ఆ సేవాభావము తమదిగా వేరూనినచో, మార్ష్‌మన్ ప్రశ్నకు ఉత్తరమును గ్రంథములు గాక వారే చెప్పుదురు.

ఈ మూడవ చరిత్రకు మూలాధారములు విశ్వాస గ్రంథములలో కంటె కళాశాలల నివేదికలలోను, సంఘ సంస్కర్తల లేఖలలోను, ఆసుపత్రుల దినచర్యలలోను, గ్రామవృద్ధుల నోటను ఎక్కువగా దొరకును. వృద్ధులు గతించకముందే వారి మాటలను సేకరించుట పరిశోధక విద్యార్థుల తక్షణ కర్తవ్యమని విన్నవించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.